పిచ్చుకయు బ్రహ్మాస్త్రమును

పిచ్చుకమీద బ్రహ్మాస్త్రము వేయరాదని మన పెద్దలు చెప్పుదురు. అల్పప్రాణిపై మహాయుధమును వ్యయపఱచినవానిని లోకము వివేకిగా గణింపదు. కాని 'మ్యాజిక్: ది గ్యాదరింగ్' అను కార్డుల క్రీడయందు ఆఱితేఱినవారు క్రొత్తవారికి మొదట నేర్పెడి పాఠములలో నొకటి ఈ సామెతకు సరిగా ఎదురు నిలుచును: ప్రత్యర్థి తన మొదటి వంతులోనే ఒక చిన్న పక్షిని బల్లమీద నిలిపెనా, నీ చేతిలో పిడుగున్నచో, సంకోచింపక దానిమీదనే వేయుము. ఆ పక్షి పేరు బర్డ్స్ ఆఫ్ పారడైజ్. ఆ పిడుగు పేరు లైట్నింగ్ బోల్ట్. పక్షికి గాయపఱచు బలము సున్న. అది ఎవరిని పొడిచినను రక్తము చిందదు. పిడుగో, మూడు పాయింట్ల గాయము చేయగలది. పైపైన చూచువానికి ఇది వట్టి దుర్వ్యయముగా తోచును. ఆ పక్షి యేమి చేయునో తెలిసికొన్నవానికి మాత్రము అది చంపదగిన పిచ్చుక యెట్లయినదో బోధపడును. అది బోధపడినచో, ఈ క్రీడలో 'రిమూవల్' అని పిలువబడు తొలగింపు మంత్రములను ఎన్నుకొను విద్యలో చాలవఱకు బోధపడినట్లే.

ముందుగా క్రీడాస్వరూపమును గూర్చి కొంత చెప్పవలసి యున్నది. దీనిని కల్పించినవాడు రిచర్డ్ గార్ఫీల్డ్ అను గణితశాస్త్రజ్ఞుడు. వస్తువులను ఎన్నివిధముల కూర్పవచ్చునో, ఏరవచ్చునో లెక్కించెడి గణితశాఖలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున పరిశోధనము చేసి పట్టము పొందినవాడు. సీయాటిల్ ప్రాంతమున 'విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్' అను చిన్న సంస్థను నడుపుచుండిన పీటర్ అడ్కిసన్, ఎక్కడికైనను వెంట తీసికొనిపోదగినదియు, త్వరగా ముగియునదియు నగు ఆట యొకటి కావలెనని కోరగా, ఈయన దీనిని రచించెను. 1993 ఆగస్టులో వెలువడిన మొదటి సంపుటమున 295 కార్డు లుండెను; నేటికి అచ్చైనవి వేలకు వేలు. మన పేకకట్టలోని 52 ముక్కలును ఆడువారందఱికి నొక్కటియే. ఇచట నట్లుగాక, ఎవరి కట్టను వారే కూర్చుకొందురు. దానినే డెక్కు అందురు. కనీసము 60 కార్డులు ఏరవలెను. సాధారణ భూమికార్డులు తప్ప తక్కినవానిలో ఏ యొక్కటియు నాలుగు ప్రతులకు మించరాదు. అందుచేత ఈ ఆట బల్లకడ గాక, ముందురోజు రాత్రి ఇంటిలో, కార్డులన్నిటిని నేలమీద పఱచుకొని 'ఇది యుంచుదునా, అది యుంచుదునా' అని తర్కించుకొను వేళనే ప్రారంభమగును.

ఆటకు మూలధనము భూమి. ఒక్కొక్క వంతులో ఆటగాడు తన చేతినుండి ఒక్క భూమికార్డును మాత్రమే బల్లపై నుంచగలడు. ఒక్కొక్క సాధారణ భూమియు వంతునకొక పాలు 'మానా' అను శక్తిని ఇచ్చును. ఆ శక్తిని చెల్లించియే ప్రాణులను పిలువవలెను, మంత్రములను ప్రయోగింపవలెను. మానాకు తెలుపు, నీలము, నలుపు, ఎఱుపు, పచ్చ అని అయిదు వర్ణములు. ఇరువురకును 20 పాయింట్ల ఆయువు. అది సున్నకు దిగినవాడు ఓడినట్లు. ప్రాణికి రెండంకె లుండును: ఎదుటివానిని గాయపఱచు బలమొకటి, తాను గాయమునకు ఓర్చు దార్ఢ్యమొకటి.

ఇప్పుడా పక్షిని చూడుడు. దాని దార్ఢ్యము ఒక్కటి. ఒక్క పచ్చమానాకు అది వచ్చును. మఱుసటి వంతునుండి తానే యొక భూమివలె ఏ వర్ణపు మానానైనను ఇచ్చును. రెండవ వంతున నాకు రెండు పాళ్ల శక్తి యుండగా పక్షి గలవానికి మూడుండును. మూడవ వంతున రావలసిన ప్రాణి రెండవ వంతుననే వచ్చి నా యెదుట నిలుచును. నాలుగవ వంతున రావలసినది మూడవ వంతున. ఇట్లు ఆటయంతయు నేనొక అడుగు వెనుకబడియే నడువవలసివచ్చును. ఒక మానాతో వచ్చిన పక్షిని ఒక మానాతో వచ్చిన పిడుగు కొట్టినప్పుడు వ్యయము ఇరువురకును సమానము. కాని ఎదుటివాని ఎత్తుగడ కుంటుపడినది. బ్రహ్మాస్త్రమని మనమనుకొన్న పిడుగు నిజమునకు ఒక్క మానా వెలగల చిన్న ఆయుధము. పిచ్చుక యని మనమనుకొన్న పక్షి నిజమునకు శత్రుసైన్యమునకు కోశాగారము. సామెత అబద్ధము కాదు. పిచ్చుక యేదో, బ్రహ్మాస్త్ర మేదో గుర్తించుటలోనే చిక్కంతయు నున్నది.

గార్ఫీల్డ్ రచించిన ఆ మొదటి సంపుటములోనే తొలగింపు మంత్రముల మూలజాతులు దాదాపన్నియు వెలసినవి. తరువాతి ముప్పదియేండ్లలో వచ్చిన వందలాది మంత్రములు వాని సంతతియే యని నా అభిప్రాయము. తెలుపువర్ణమున స్వోర్డ్స్ టు ప్లౌషేర్స్ కలదు. ఖడ్గములు నాగళ్లగు కాలమును గూర్చి యెషయా ప్రవక్త చెప్పిన మాటనుండి వచ్చినది ఆ పేరు. ఒక్క తెల్లమానాతో ఏ ప్రాణినైనను అది ఆటనుండియే పంపివేయును. పోయిన ప్రాణికెంత బలముండెనో అంత ఆయువు దాని యజమానికి చేరును. యోధుడు కత్తి విడిచి సేద్యమునకు మరలెను గనుక ఇల్లు బాగుపడినదన్నమాట. నియమమునకును భావమునకును ఇంతటి పొత్తు కుదిరిన కార్డు మఱియొకటి నాకు కనబడలేదు. ఎఱుపువర్ణమున పైన చెప్పిన పిడుగు. నలుపువర్ణమున టెర్రర్: రెండు మానాలతో ప్రాణిని చంపును, అయితే ఆ ప్రాణి నల్లనిది కాని, యంత్రమయమైన 'ఆర్టిఫాక్ట్' జాతిది కాని కాకూడదు. భయము నల్లనివారి నేమి చేయును, ప్రాణములేని యంత్రము నేమి చేయును? నాలుగవది రాత్ ఆఫ్ గాడ్. నాలుగు మానాలతో బల్లమీద నున్న ప్రాణులన్నిటిని, తనవి పెఱవి యను భేదము లేక, సంహరించును. నీలవర్ణము చంపదు, వచ్చినదానిని తిరిగి చేతికి పంపును, లేదా రాకమునుపే త్రోవలో అడ్డగించును. పచ్చవర్ణము చాలకాలము ఈ విద్యలో వెనుకబడియే యుండి, పిమ్మట తన ప్రాణిని ఎదుటి ప్రాణితో పోరాడించు మార్గమును పట్టినది.

వీనిలో దేనిని ఎన్నుకొనవలెను? మొదట విచారింపవలసినది వెల. అదే సంపుటమున సెర్రా ఏంజెల్ అను దేవదూత కలదు, అయిదు మానాలు చెల్లించి పిలువవలసినది, నాలుగు బలము, నాలుగు దార్ఢ్యము గలది, ఆకసమున ఎగురునది. ప్రత్యర్థి తన అయిదవ వంతులోని శక్తినంతయు వెచ్చించి ఆమెను నిలిపినాడు. నేను ఒక్క మానాతో స్వోర్డ్స్ ప్రయోగించితిని. బల్లమీదినుండి ఆమె పోయినది. ఆతని వంతంతయు ఆమెతోడనే పోయినది. నాకింకను నాలుగు మానాలు మిగిలియున్నవి. వానితో నా సొంత ప్రాణిని పిలుచుకొందును. కార్డునకు కార్డు సరిపోయినను కాలమున నేను ముందునకు వచ్చితిని. ఆటగాండ్రు దీనిని 'టెంపో' అందురు. ఆమెను చంపుటకు నేనును అయిదు మానాలు చెల్లింపవలసివచ్చిన, ఇరువురము నిలిచినచోటనే నిలిచియుందుము. కనుక రెండు మంత్రములు ఒకే పని చేయునప్పుడు వెల తక్కువదానిని కోరుట సహజము. ఈ క్రీడలో ఒక్క మానా తేడా స్వల్పమని భావించువాడు తఱచుగా ఓడును.

అయితే వెలయనగా కార్డు మూలను అచ్చువేసిన అంకె మాత్రమే కాదు. స్వోర్డ్స్ వలన ఎదుటివానికి నాలుగు పాయింట్ల ఆయువు చేరినదిగదా, అదియు వెలయే. తాళి, ఓర్చి, ఆటను దీర్ఘముగ సాగించి గెలువదలచిన డెక్కునకు ఆ నాలుగు లెక్కలోనికి రావు. శత్రువు ఆయువును మొదటి అయిదు వంతులలోనే హరింప బయలుదేఱిన వేగవంతమైన డెక్కునకో, అవి తాను పడిన శ్రమను తానే చెఱుపుకొనుట. 2009లో వచ్చిన పాత్ టు ఎక్సైల్ అను మంత్రము ఇట్టిదే. ఒక్క మానాతో ప్రాణిని ఆటనుండి పంపును, ప్రతిఫలముగ దాని యజమాని తన డెక్కునుండి ఒక సాధారణ భూమిని తెచ్చి బల్లపై నుంచుకొనవచ్చును. రెండవ వంతున ఆ భూమి శత్రువున కొక వరము. పదవ వంతున అది చేనిలో రాలిన గడ్డిపోచ. ఒకే ఆయుధము ప్రొద్దున ఖరీదైనది, సాయంకాలము చౌకయైనది. డెక్కు కూర్చువాడు తన ఆట ప్రొద్దుననే ముగియునదో, సాయంకాలమువఱకు సాగునదో ముందుగా నిశ్చయించుకొనక ఈ రెంటిలో నొకదానిని ఎట్లు ఎన్నుకొనును? ఎదురెదురుగా కూర్చున్న ఇరువురిలో దాడి చేయవలసినవా డెవడు, కాచుకొనవలసినవా డెవడు అను ప్రశ్నను పట్టుకొని మైకేల్ ఫ్లోరెస్ 1999లో వ్రాసిన వ్యాసమును ఆటగాండ్రు నేటికిని చదువుటకు కారణ మిదియే. ఆ పాత్రను తప్పుగా గ్రహించినవానికి ఎంతటి మంచి కార్డులున్నను అక్కఱకు రావని ఆయన వాదము.

ఎఱ్ఱని పిడుగు విషయమున మఱియొక ముచ్చట. లైట్నింగ్ బోల్ట్ మూడు పాయింట్ల గాయము చేయునుగదా. 1995 నాటి నాలుగవ ముద్రణ తరువాత దానిని మూల సంపుటములనుండి తొలగించిరి. 2009లో గాని అది తిరిగి రాలేదు. నడుమ 1998లో షాక్ అను చెల్లెలు పుట్టెను. అదే వెల, గాయము మాత్రము రెండు. మూడునకును రెండునకును నడుమ ఒక్కటే తేడా; కాని మూడు దార్ఢ్యము గల ప్రాణు లెన్నియో ఆ ఒక్క అంకె చాటున బ్రదికిపోవును. ఇప్పటికిని క్రొత్త ప్రాణి యొకటి అచ్చైనప్పుడు, పిడుగు దెబ్బకు ఇది నిలుచునా యని మొట్టమొదట అడుగుట ఆటగాండ్రకు అలవాటు. పిడుగునకు మఱియొక సుగుణ మున్నది: అది ప్రాణిమీదనే కాక, నేరుగా ప్రత్యర్థిమీదను పడగలదు. ఎదుటివాని డెక్కులో ప్రాణులే లేకున్నను అది వ్యర్థము కాదు.

వ్యర్థత యను నీ మాటకడ కొంత నిలువవలెను. చౌక మంత్రములకు సాధారణముగా ఏదో యొక కట్టుబాటుండును. విస్తృతమైన మంత్రములకు వెల యెక్కువ. రూపకర్తలు ఈ త్రాసును జాగ్రత్తగా సరిచూచుకొందురు. డూమ్ బ్లేడ్ రెండు మానాలకు చంపును, నల్లనివానిని తప్ప. గో ఫర్ ది థ్రోట్ రెండు మానాలకు చంపును, యంత్రజాతిని తప్ప. మర్డర్ ఏ ప్రాణినైనను చంపును, కాని మూడు మానాలు, అందులో రెండు నల్లనివే కావలెను. ఫేటల్ పుష్ ఒక్క మానాకు చంపును, కాని రెండు మానాల వెలకు లోబడిన ప్రాణిని మాత్రమే. ఆ వంతులో మనదేదైన బల్లను విడిచిపోయియున్నచో నాలుగువఱకు. ఈ కట్టుబాట్లలో ఏది మేలు? కార్డును చేతపట్టుకొని ఎంతసేపు చూచినను ఈ ప్రశ్నకు ఉత్తరము దొరకదు; ఏలయన, అది ఆ కార్డునందు లేదు, ఎదుట కూర్చుండబోవు మనుజుని డెక్కులో నున్నది. నేనీ యాటను నేర్చుకొనుచుండిన దినములలో నాలుగు డూమ్ బ్లేడులు పెట్టుకొని ఒక మిత్రునితో ఆడబోయితిని. ఆతనిది అచ్చముగ నల్లని డెక్కు. ఆ మధ్యాహ్నము నా చేతికి వరుసగా మూడు డూమ్ బ్లేడులు వచ్చినవి. మూడును చేతిలోనే మిగిలినవి. బల్లమీద నల్లని ప్రాణులు పెరుగుచుండగా, చంపు మంత్రములను గుప్పిట పట్టుకొనియు చంపలేక కూర్చున్నవాని దైన్యము అనుభవించినవానికే తెలియును. ఇంటికి పోయి అవి తీసివేసి గో ఫర్ ది థ్రోట్ పెట్టుకొంటిని; మఱునాడు ఎదురుపడిన డెక్కు యంత్రప్రాణులతో నిండినది. తప్పు మొదటి దినమున డూమ్ బ్లేడుది కాదు, రెండవ దినమున దాని తమ్మునిది కాదు. ఎవరితో ఆడబోవుచున్నానో విచారింపక ఒకేజాతి నాలుగింటిని పెట్టుకొన్న నాదే. నాటినుండి రెండేసి చొప్పున కలిపి ఉంచుకొనుచున్నాను. ఒకదానికి తప్పించుకొన్నది మఱియొకదానికి చిక్కును.

పోటీలలో ఈ బాధకు కొంత ఉపశాంతి కలదు. డెక్కు కాక ప్రక్కన మఱి 15 కార్డులను 'సైడ్‌బోర్డ్' అను పేర ఉంచుకొని, మొదటి ఆట ముగిసి ఎదుటివాని మర్మము తెలిసిన పిమ్మట మార్చుకొనవచ్చును. మొదటి ఆటలో అందఱిమీదను కొంతకొంత పనిచేయునవి, ప్రక్కన నుంచినవానిలో కొందఱిమీదనే తీవ్రముగ పనిచేయునవి ఉండుట మంచిది. ఇంకొక సంగతి: 2007లో లార్విన్ సంపుటముతో 'ప్లేన్స్‌వాకర్' అను క్రొత్తజాతి కార్డులు వచ్చినవి. అవి ప్రాణులు కావు. వంతువంతునకును ఏదో యొక మేలును యజమానికి చేయుచుండును. ప్రాణులను మాత్రమే చంపు మంత్రములు వాని యెదుట చేతులు ముడుచుకొని నిలిచినవి. అందుచేత రెంటిని చంపగల హీరోస్ డౌన్‌ఫాల్ వంటివి మూడు మానాల వెలయైనను ఆదరము పొందినవి.

తొలగించుట యను మాట ఒక్కటే కాని, తొలగు తీరులు పలు. చచ్చిన ప్రాణి 'గ్రేవ్‌యార్డ్' అను శ్మశానమునకు చేరును. కాని ఈ యాటలో శ్మశానము కథకు అంతము కాదు. అచటినుండి లేపి తెచ్చు మంత్రము లున్నవి. ఆ మంత్రములమీదనే నిర్మించిన డెక్కు లున్నవి. భీముడు జరాసంధుని రెండుగా చీల్చినను ఆ ముక్కలు మరల కలిసికొని వాడు లేచివచ్చెనట. శ్రీకృష్ణుడు గడ్డిపోచను చీల్చి చెఱియొక దిక్కునకు విసరి చూపిన పిమ్మటగాని వాని ఆయువు తీరలేదు. లేపి తెచ్చువారిమీద ఆడునప్పుడు చంపు మంత్రముకంటె ఆటనుండియే వెలివేయు 'ఎక్సైల్' మంత్రము మేలగుట ఇందువలన. స్వోర్డ్స్, పాత్ అను రెంటి గౌరవములో కొంత వాని చౌకదనము వలన వచ్చినదైనను, కొంత ఈ కృష్ణోపాయము వలన వచ్చినది.

కొన్ని ప్రాణులకు 'హెక్స్‌ప్రూఫ్' అను కవచముండును. ప్రత్యర్థి మంత్రము దేనిని అట్టి ప్రాణిమీద గుఱిపెట్టుటకు వీలులేదు. స్లిపరీ బాగిల్ అను ఒక్క మానా ప్రాణి కలదు. బలమొకటి, దార్ఢ్యమొకటి, తక్కినదంతయు ఈ కవచమే. దానిమీద మంత్రపుతొడుగులను ఒకదానిపై నొకటి వేసి, భయంకరమైన యోధునిగా పెంచి గెలుచు డెక్కొకటి ప్రసిద్ధమైనది. స్వోర్డ్సు నాలుగున్నను, పిడుగులు నాలుగున్నను దానిని తాకజాలవు. హిరణ్యకశిపుడు కోరుకొన్న వరములు ఇట్టివే: ఇంట కాదు, బయట కాదు, పగలు కాదు, రేయి కాదు, నరునిచేత కాదు, మృగముచేత కాదు. వానిని చంపినవాడు వరమును భంగింపలేదు. వరము కాపాడని సందులో వచ్చి నిలిచెను. 1997లో టెంపెస్ట్ సంపుటమున వచ్చిన డయబాలిక్ ఈడిక్ట్ అను రెండు మానాల మంత్రము చేయునదియు నదే. అది ప్రాణిని గుఱిపెట్టదు, ఆటగానిని గుఱిపెట్టును: 'నీ ప్రాణులలో నొకదానిని నీవే బలి యిమ్ము' అని ఆజ్ఞాపించును. బల్లమీద ఆ ఒక్క ప్రాణియే యున్నచో కవచమేమి కాపాడును? అయితే ప్రక్కనే యొక అల్పప్రాణి నిలిచియున్నచో శత్రువు దానినే బలియిచ్చి నవ్వును. రాత్ ఆఫ్ గాడ్ కూడ ఎవరిని గుఱిపెట్టదు గనుక కవచములను లెక్కచేయదు.

ఇక తొలగించినను తొలగని ప్రాణులను గూర్చి. అయిదు మానాల వెలగల రెండు ప్రాణులను ఆటగాండ్రు తఱచు ప్రక్కప్రక్కన నుంచి పోల్చుదురు. ఒకటి బేన్‌స్లేయర్ ఏంజెల్: బలమైదు, దార్ఢ్యమైదు, ఎగురునది, కొట్టినంత ఆయువును యజమానికి తెచ్చునది. రెండవది మల్‌డ్రిఫ్టర్: ఎగురునదే కాని బలము రెండు, దార్ఢ్యము రెండు, వచ్చిన క్షణముననే యజమానికి రెండు కార్డులను తెచ్చి యిచ్చును. మొదటిదానిని చంపినయెడల శత్రువునకేమియు మిగులదు. రెండవదానిని చంపినను ఆతని చేతిలో రెండు క్రొత్త కార్డులు మిగిలియే యుండును; నా కార్డొకటి పోయినది, ఆతనికి వచ్చిన లాభము పోలేదు. ఒక దేశపు ఆటగాండ్రందఱును మల్‌డ్రిఫ్టర్ల మార్గము పట్టినప్పుడు తొలగింపు మంత్రములతో నిండిన డెక్కు తనంతట తాను నీరసించును. గ్రిసెల్‌బ్రాండ్ అను దానవుని సంగతి ఇంకను విషమము. ఏడు పాయింట్ల ఆయువు చెల్లించి ఏడు కార్డులు తీసికొను శక్తి వానికి కలదు. నేను వానిమీద మంత్రము వేసినతోడనే, అది ఫలించులోపల, శత్రువు ఆయువు చెల్లించి చేతినిండ కార్డులు దూసికొనును. అట్టివానికి తొలగింపు మందు కాదు. వాడు శ్మశానములో నుండగనే శ్మశానమును ఊడ్చివేయవలెను, లేదా వచ్చు త్రోవలోనే అడ్డగింపవలెను. ఏ రోగమునకు ఈ మందు పనిచేయదో ఎఱుగుట ఎన్నికలో నొక భాగమని నేను గట్టిగా నమ్ముదును.

ఎన్ని పెట్టుకొనవలెనను ప్రశ్నకు గార్ఫీల్డ్ చదివిన గణితమే కొంత చెప్పును. 60 కార్డుల డెక్కులో ఒక మంత్రమునకు నాలుగు ప్రతులున్నచో, మొదట చేతికివచ్చు ఏడు కార్డులలో అది యొకటైనను ఉండుటకు నూటికి సుమారు 40 పాళ్లు అవకాశము. ఎనిమిదున్నచో 65. రెండవవాడుగా ఆడుచు నాలుగవ వంతునకు వచ్చుసరికి చూచిన కార్డులు 11 అగును. అప్పటికి ఎనిమిదింటిలో నొకటైనను చేతికి వచ్చుటకు నూటికి 82 పాళ్లు. ఎనిమిది మొదలు పదివఱకు ఉంచుకొనుట చాలమంది వాడుక. ప్రాణులు తక్కువగా నుంచి కాచుకొని ఆడువారు ఇంకను ఎక్కువ పెట్టుదురు. కాని తొలగింపు మంత్రము ఉత్తరమేగాని ప్రశ్న కాదు. ఎదుటివా డొకటి నిలిపిన మనమొకటి తీసివేయుచు, మనదేదియు నిలుపకున్నచో ఆట యెన్నటికిని గెలువము. క్రొత్తవారి డెక్కులలో నేను తఱచు చూచు లోపమిది: చంపు కార్డుల నన్నిటిని ప్రేమతో చేర్చుకొందురు; గెలిపించు కార్డులకు చోటు చాలదు.

మూటలు విప్పి అప్పటికప్పుడు ఏరుకొని 40 కార్డుల డెక్కుతో ఆడు 'డ్రాఫ్ట్' పద్ధతిలో ఇంత విచారమునకు తావులేదు. దొరకిన తొలగింపు మంత్రము నాలుగు మానాలదైనను, అయిదింటిదైనను కన్నులకద్దుకొని తీసికొనవలసినదే. నలుగురు కూడి, ఒక్కొక్కరు 40 పాయింట్ల ఆయువుతో, నూఱు కార్డుల డెక్కులతో ఆడు 'కమాండర్' పద్ధతిలో లెక్కయే తారుమాఱగును. నేను ఒకనిమీద ఒక మంత్రము వేసితిని: నాదొక కార్డు, ఆతనిదొక కార్డు పోయినవి, ఊరక చూచుచున్న తక్కిన యిద్దఱికిని ఏమియు పోలేదు. కనుక అచట ఒంటరి తొలగింపును నిజముగ ప్రాణాంతకమైనదానికొఱకే దాచుకొని, రాత్ వంటి మూకుమ్మడి సంహారమునకు ఎక్కువ చోటీయవలెను.

దాచుకొనుట యనగానే నాకు కర్ణుడు తలపునకు వచ్చును. కవచకుండలముల కీడుగా ఇంద్రుడిచ్చిన శక్తి ఒక్కమాఱే పనిచేయునది. దానిని అతడు అర్జునునికొఱకు దాచుకొనెను. రాత్రియుద్ధమున ఘటోత్కచుడు కౌరవసేనను మ్రింగుచుండగా, అందఱును మొఱపెట్టగా, విధిలేక ఆ శక్తిని వానిమీద విడిచెను. ఘటోత్కచుడు కూలెను, కూలుచు కూడ ఒక అక్షౌహిణిని తనక్రింద నలిపెను, కృష్ణుడు ఆనందించెను. కర్ణుడు తప్పుచేసెనని చెప్పువారున్నారు. నేనట్లు తలపను. ఆ రాత్రి గడవనివానికి అర్జునుడు ఎదురుపడు మఱునా డెక్కడిది? ప్రత్యర్థి పెద్ద ప్రాణికొఱకు మంత్రమును దాచుకొని, చిన్నవాని చేతి దెబ్బలను వంతువంతునకును ఓర్చి, తుదకు ఆ మంత్రమును చేతిలో నుంచుకొనియే ఓడినవారిని నేను చూచితిని, నేనును ఓడితిని. అసలు చిక్కు కర్ణుని తీర్పులో లేదు, ఆతని అమ్ములపొదిలో నున్నది: ఘటోత్కచునికి తగిన మఱియొక ఆయుధము ఆతనికడ లేకపోయెను. బల్లకడ పడు సంకటములలో ఎన్నియో ముందురోజు రాత్రి నేలమీద కార్డులు పఱచుకొన్నప్పుడే తీర్పదగినవి.

ఇప్పుడు నా యెదుట ఒక తెలుపు నలుపుల డెక్కున్నది. తొలగింపులకు ఎనిమిది స్థానములు. మా మిత్రులలో నొకడు శ్మశానమునుండి దానవులను లేపువాడు. ఆతనికొఱకు స్వోర్డ్స్ నాలుగు. ఒకడు పచ్చని పక్షులతో ఆరంభించువాడు. ఆ కోశాగారములకొఱకు ఫేటల్ పుష్ రెండు. అందఱును ఒక్కసారి మీదపడిన గడ్డుదినమునకు రాత్ ఆఫ్ గాడ్ ఒకటి. ఎనిమిదవ స్థానమున నిన్నటివఱకు మర్డర్ ఉండెను. ఎవరినైనను చంపునుగదా యను ధైర్యముతో ఉంచితిని. ఈ యుదయము దానిని తీసి డయబాలిక్ ఈడిక్ట్ నుంచితిని. ఆదివారము బాగిల్ డెక్కువాడు వచ్చుచున్నాడు. ఆతడు బాగిల్ ప్రక్కన మఱియొక చిన్న ప్రాణిని నిలుపకమునుపే ఆ కార్డు నా చేతికి రావలెను.